పొద్దున చూసిన జాబితా

"పంచదార లేదు," అన్నారు అత్తగారు, డబ్బా మూత తీయకుండానే.

కోడలి ఒళ్ళో మడతపెట్టాల్సిన బట్టలు, బట్టల మీద లాప్‌టాప్. ఆ ఇంట్లో ఆమె ఆఫీసు ఎత్తు అంతే.

"ఇందాకే పోశాను అత్తయ్యా. ఒక్కసారి మూత తీసి చూడండి."

"పొద్దున చూశాగా! లేదంటే లేదు." అత్తగారు చప్పటి టీ పట్టుకుని నిట్టూర్చుకుంటూ వెళ్ళిపోయారు.

ఆమె చేతిలో భర్త చొక్కా అలాగే ఆగిపోయింది. మూడు రోజులుగా ఆఫీసులో అందరినీ ఏడిపిస్తున్న తప్పు అచ్చం ఇదే! వాళ్ళ ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక కొత్త ఫైలు రాసి, రాసిన మరుక్షణం దాన్ని పిలుస్తుంది. పైథాన్ అలాంటి ఫైలే లేదంటుంది. ఫోల్డరు తెరిస్తే ఫైలు బుద్ధిగా కూర్చునే ఉంటుంది. టీం లీడు రెండు సెకన్లు ఆగి మళ్ళీ పిలవమన్నాడు. ఆ రెండూ ఐదయ్యాయి, పదయ్యాయి. "నేను చూడనా సార్?" అంటే, "పదకొండేళ్ళ గ్యాప్ తర్వాత ఈమధ్యేగా చేరారు మేడమ్, మీరు డాక్యుమెంట్లు సర్దండి" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద ఆమెకు కొత్త కాదు. పాప పుట్టినప్పుడు ఉద్యోగం మాన్పించి, "నీకెందుకీ టెన్షన్, హాయిగా ఇంట్లో ఉండు" అన్న భర్తదీ అదే మర్యాద. ఆ హాయిని ఆమె రోజూ రెండు బకెట్ల చొప్పున ఉతికి ఆరేస్తోంది.

పైథాన్ కూడా అత్తగారిలాగే ఫోల్డరులోకి ఒకసారి తొంగిచూసి, ఉన్నవాటి జాబితా గుర్తుపెట్టుకుంటుంది. ఫోల్డరు చివరిగా ఎప్పుడు మారిందో చెప్పే టైంలో తేడా కనిపిస్తే తప్ప మళ్ళీ చూడదు. చూసిన క్షణంలోనే కొత్త ఫైలు వచ్చిపడితే టైంలో తేడా తెలియదు. ఇక ఆ ఫైలు ఉన్నా లేనట్టే. ఎంతసేపు ఆగినా పాత జాబితా దానంతటది మారదు. ఈ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? పదకొండేళ్ళు ఆగి చూసిన మనిషి.

ఫైలును పిలిచే ముందు ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను చేర్చింది: గుర్తున్నదంతా మర్చిపోయి మళ్ళీ చూడు అని పైథాన్‌కి చెప్పే లైను. ఆగే సెకన్లన్నీ పీకేసింది. వెయ్యిసార్లు నడిపింది. వెయ్యిసార్లూ ఫైలు దొరికింది.

పంపగానే లీడు ఫోన్ చేశాడు. "అదరగొట్టారు మేడమ్! నాలుగింటికి డైరెక్టర్ల మీటింగులో నేను చెప్పేస్తాలెండి. మీకు ఇంట్లో పనులుంటాయిగా."

"ఉంటాయి సార్. అయినా కనిపెట్టింది నేను, చెప్పేదీ నేనే."

"ఒక్క పది సెకన్లు ఆగండి మేడమ్," అన్నాడు లీడు. ఆగమనడం ఆయనకు అలవాటేగా. చివరికి, "సరే మేడమ్," అన్నాడు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా హాల్లో భర్త ఫోనులో అంటున్నాడు: "ఇప్పుడే వచ్చేయండక్కా, అందరూ రండి. నీ మరదలు ఖాళీగానే ఉంది, అన్నీ అదే చూసుకుంటుంది."

ఆమె బట్టల గుట్ట ఎత్తుకొచ్చి అతని ఒళ్ళో పెట్టింది. లాప్‌టాప్ తీసుకెళ్ళి భోజనాల బల్ల మీద, అతను ఎప్పుడూ కూర్చునే చోట పెట్టి, కుర్చీ లాక్కుంది.

"ఇదేంటి? నువ్వు ఖాళీయేగా?"

"అది మీరెప్పుడో చూసిన జాబితా అండీ. మళ్ళీ చూడండి."

వంటింట్లో అత్తగారు పంచదార డబ్బా మూత తీసిన చప్పుడైంది.