స్లాబు కింద పురుడు

పురిటి గదిలో కుంపటి పెట్టడం తప్పని నేననను. మా అమ్మా పెట్టింది, వాళ్లమ్మా పెట్టింది. కానీ రోహిణి కార్తెలో, సిమెంటు స్లాబు కింద, కిటికీలు బిగించి పెడితే దాన్ని పురిటి గది అనరు, ఇటుకల బట్టీ అంటారు.

ఆ గది మాదే. చిక్కడపల్లిలో మా మామగారు కట్టిన పాత ఇంటికి మూరెడు మందం గోడలు, గానుగలో ఆడించిన డంగుసున్నం కప్పు. మిద్దె మీద రెండు గదులు వేద్దామన్నప్పుడు మళ్లీ సున్నమే వేయిద్దామన్నాను. మా ఆయన కిషన్ రావుకు ఫ్యాషన్ కావాలి. అశోక్ నగర్‌లో అందరూ స్లాబులే వేస్తున్నారట, ఉడకపోస్తే ఫ్యాను పెట్టుకుంటారట. అంటే గోడ చేయాల్సిన పని ఫ్యానుకు అప్పగించి, ఆ ఫ్యాను తిరగడానికి ట్యాంక్ బండ్ కింద కరెంటు కార్ఖానాలో పొద్దంతా బొగ్గు కాల్చాలన్నమాట. ఏం తెలివో! నా మాట విన్నదెవరు?

ఒక గదిలో కోస్తా నుంచి వచ్చిన ధర్మారావు, వేదవతి కిరాయికి దిగారు. అతను సెక్రటేరియట్‌లో గుమాస్తా. రెండో గది ఖాళీ. వేదవతికి తొలికాన్పు. ఆ ఏడు, అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవల్లో రైళ్లు సరిగా నడవక పుట్టింటికి పోలేకపోయింది. తల్లి హైమవతమ్మే వచ్చి పురుడు పోసింది. మంచి మనిషే గానీ, ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని అరుస్తూ వీధిలో జులూసు పోయినప్పుడల్లా లోపల గడియ పెట్టుకునేది. వాళ్ల ఊళ్లో చేసినట్టే ఇక్కడా చేసింది. గాలి చొరకుండా కిటికీలు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, బిడ్డకు తలదాకా గుడ్డలు చుట్టింది.

ఆ రోజు అశోక్ నగర్ వైపు రాళ్లు పడ్డాయి. కర్ఫ్యూ అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు కరెంటూ పోయింది. మధ్యాహ్నం పైనుంచి వేదవతి ఏడుపు వినబడింది. బిడ్డ పొద్దుటి నుంచి పాలు తాగడం లేదట, ఏడవడం కూడా లేదట. డాక్టరు కోసం నారాయణగూడ పోయిన ధర్మారావు తిరిగి రాలేదు.

మిద్దె ఎక్కి తలుపు కొట్టాను. వెంట ఎవరున్నారని హైమవతమ్మ లోపలినుంచే అడిగింది. నాకు ఒళ్లు మండింది.

“నేనొక్కదాన్నే పెద్దమ్మా. తియ్యకుంటే తలుపు ఇరగ్గొడ్త,” అన్నాను.

వేదవతి గడియ తీసింది. లోపల ఊపిరాడలేదు. కప్పులోంచి వేడి నెత్తి మీదికి దిగుతోంది. గోడ మీద చెయ్యి ఆనించలేకపోయాను. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది, మెడ వాలిపోయింది. కిందికి తీసుకుపోతానంటే హైమవతమ్మ అడ్డం నిలబడింది.

“పురిటి బిడ్డకి గాలి తగిలితే దక్కదమ్మా. నా చేతుల మీద ముగ్గురు పెరిగారు.”

“మీ ఊళ్ల తాటాకు కప్పు పెద్దమ్మా, మట్టి గోడలు. ఇది సిమెంటు. కింద మీ కుంపటి, పైన ఇంకో కుంపటి.”

పురుడు తీరకుండా దేవుడున్న ఇంట్లో కలపడం పాపమని ఆమె ఇంకా అంటూనే ఉంది. వేదవతి తల్లి వైపు చూడకుండా బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

మా ఇంట్లో అన్నిటికన్నా చల్లనిది నడిమి గది. అదే మా దేవుడి గది. నేనైనా తలస్నానం చేయనిదే అందులో అడుగు పెట్టను. గడపలో మా ఆయన నిలబడి ఉన్నాడు. పురుడున్న ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. బిడ్డను చూశాడు, నా ముఖం చూశాడు. వద్దన్నాడో, మా కాపురం ఈ పూటతో తెల్లారినట్టే అనుకున్నాను.

“జర ఆగు,” అన్నాడు.

పటాలూ విగ్రహాలూ దీపాలూ పళ్లెంలో సర్దుకుని మిద్దె మీది ఖాళీ గదికి ఎక్కాడు.

బిడ్డ గుడ్డలన్నీ విప్పి, నున్నటి గచ్చు మీద తడిగుడ్డ పరిచి పడుకోబెట్టాను. వేదవతి పెదవుల మీద చుక్క చుక్క పాలు పిండింది. హైమవతమ్మ గడప బయటే కూర్చుంది. అందరం ఆ పసిగుడ్డ పొట్ట వంకే చూస్తున్నాం, లేస్తోందా లేదా అని. వీధిలో పోలీసు జీపు పోయింది. మొక్కుకుందామంటే దేవుళ్లంతా మిద్దె మీద ఉన్నారు. అక్కడికే మొక్కాను.

నీడలు సాగే వేళకు బిడ్డ నాలుక చాపింది. గుటక వేసింది. ఆ తర్వాత ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. హైమవతమ్మ గడప దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. సందుల్లోంచి దాక్కుంటూ ధర్మారావు ఉత్త చేతులతో వచ్చేసరికి బిడ్డ పాలు తాగుతోంది.

అప్పుడే మా ఆయన సందెపూజ నుంచి కిందికి దిగాడు. ధోవతి తడిసి ఒంటికి అంటుకుపోయింది, ముఖం కందిపోయింది. వచ్చి గడప మీద కూలబడ్డాడు. బిడ్డ వైపు చూశాడు.

“పూజ నడుమల లేచొచ్చిన, సులోచనా,” అన్నాడు. “ఆ గదిల దేవుడే ఉండలేడు. మనుషులనెట్ల పెట్టినమే?”