తేదీ మార్చిన వార్త

క్వొయ్ గారి కార్ఖానాలో ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్లు చేస్తారు. లాంగ్ సుయెన్ పట్నానికి దిగువన, కాలువ ఒడ్డున రేకుల షెడ్డు. పక్కనే అద్దాల గది. ఆ గదిలో దియెమ్ ఒక్కతే. కార్ఖానా వెబ్‌సైట్‌ను పైకి తేవడం ఆమె పని.

"మన యంత్రం బొమ్మలు ఎన్ని పెట్టినా ఎవడూ చూడడమ్మా," అని చేరిన రోజే చెప్పాడు క్వొయ్. "రైతుకీ మిల్లువాడికీ కావలసింది ధరల కబురు. ఆ కబురు మన గుమ్మంలో దొరికితే, వచ్చినవాడు యంత్రాన్నీ చూసిపోతాడు. నలుగురూ తొక్కే గుమ్మాన్నే గూగుల్ ముందు చూపిస్తుంది."

అప్పటినుంచి రోజూ ఏదో ఒక వార్త రాస్తూనే ఉంది. ఎరువుల ధరలు, ఎగుమతులు, మిల్లుల కొనుగోళ్లు. అయినా 'ధాన్యం డ్రయ్యర్' అని వెతికితే వాళ్ల పేరు మూడో పేజీలోనే కూలబడి ఉంటోంది. కాంథో పట్నంలో యంత్రాల ప్రదర్శన దగ్గరపడింది.

"అప్పటికి మొదటి పేజీకి రాకపోతే ఈ పని సైగాన్ కంపెనీకి ఇచ్చేస్తాను. నీమీద కోపం కాదు తల్లీ," అన్నాడు క్వొయ్.

కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా చెప్పేవాడే అన్నంత పనీ చేస్తాడు.

ఆ వారమంతా దియెమ్ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. రాసింది చెరపడం, లేచి కాలువలో పడవలు చూడడం, మళ్లీ కూర్చోవడం. చివరికి పాత వార్తలు తిరగేసింది. పెద్ద కొనుగోలు దేశం ఒకటి బియ్యం కొనడం ఆపేసిందనీ, ధాన్యం ధర పడిపోతోందనీ మూడేళ్ల కిందట తాను రాసినది ఒకటి దొరికింది. అప్పట్లో జనం దాన్ని విరగబడి చదివారు. పాతదానికి కొత్త తేదీ వేయడం ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే. మొదటి వాక్యం కాస్త మార్చి, ఆ రోజు తేదీ వేసింది. "పచ్చి ధాన్యం తెగనమ్ముకోకండి, మా డ్రయ్యర్‌లో ఆరబెట్టుకుని ఆగండి" అని చివర తగిలించింది.

రెండ్రోజుల్లో 'ధాన్యం ధర' అని వెతికినవాళ్లకు ముందు ఆ వార్తే కనబడసాగింది. దాని తోకపట్టుకుని డ్రయ్యర్ కూడా రెండో పేజీకి పాకింది. క్వొయ్ అందరికీ ఐసు కాఫీలు తెప్పించాడు.

దియెమ్ గ్లాసులో ఐసు కరగకముందే ఫోను మోగింది. నది అవతల పొలం చేసుకునే బా అన్న.

"మన దళారీ తామ్ బాబాయ్ మాట తిప్పుతున్నాడే. బయానా ఇచ్చి మరీ ఒప్పుకున్న ధర ఇప్పుడు ఇవ్వడట. కోత యంత్రం వచ్చి నిలబడింది. పడమట మబ్బు పట్టేసింది."

"ఎందుకివ్వడట?"

"ఏదో వార్తట. ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనిస్తున్నాడు. ఉండు, చదువుతా... 'పచ్చి ధాన్యం తెగనమ్ముకోకండి...'"

మిగతాది ఆమె వినలేదు. వినక్కర్లేదు కూడా.

అక్కడికక్కడే పాత తేదీ పెట్టేసి, బండి తీసింది. నది మధ్యలో బల్లకట్టు నత్తలా పోతుంటే, నిలవలేక బండి చుట్టూ తిరిగింది.

"నువ్వు తిరిగితే పడవేమైనా తొందరగా పోతుందా అమ్మాయ్?" అంది టికెట్లిచ్చే ఆవిడ.

గట్టుమీద దళారీ తామ్ గొంతుక్కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. బా అన్న మబ్బుకేసీ చేనుకేసీ మార్చి మార్చి చూస్తున్నాడు. తడిస్తే ఆరబెట్టే దిక్కు లేదు. డ్రయ్యర్ కొనే తాహతు అతనికెక్కడిది?

"బాబాయ్, అది పాత వార్త. రాసింది నేనే," అంది దియెమ్.

"అలాగా! మీ ఇంట్లో వార్తలు కూడా వండుతారా?" తామ్ నవ్వాడు. "మరి ఇక్కడ ఈ వారం తేదీ ఉందే?"

"నేను మార్చాను. ఇందాకే మళ్లీ సరిచేశాను."

తామ్ మళ్లీ వెతికి చూపించాడు. వెతికిన చోట ఇంకా కొత్త తేదీయే మెరుస్తోంది. ఆమె సైట్‌లో దిద్దింది గూగుల్ దాకా పోలేదు. పోయేసరికి ధాన్యం మొలకెత్తుతుంది.

"చూశావా? నీ మాట నువ్వే కాదంటే ఎలా? అన్న కోసం అబద్ధమాడుతున్నావనుకోనా?"

ఆమె ఫోను మోగింది. క్వొయ్. ఎత్తింది.

"తల్లీ, ఆ వార్త చూసి ఒక మిల్లువాళ్లు యంత్రాల ధర అడిగారు! అలాంటివి ఇంకో రెండు రాసెయ్!"

"కాసేపాగి మాట్లాడతానండీ."

గట్టుమీదే కూలబడి, తన ఫోనులో వేలితో టకటకా కొట్టింది. ఆ వార్త నెత్తిమీదే పెద్దక్షరాలతో ఒక గమనిక పెట్టింది. తరవాత తామ్ చేతిలోని ఫోనులోనే దాన్ని తెరిచింది. బా అన్న చుట్టుపక్కల చేలదాకా వినబడేలా చదివాడు:

"'ఇది మూడేళ్ల నాటి వార్త. తేదీ మార్చింది మేమే. దీన్ని చూపించి ధర తగ్గించమంటే ఒప్పుకోకండి.' కింద కార్ఖానా పేరు కూడా వేసిందండోయ్!"

తామ్ పుల్ల ఉమ్మేశాడు. "సరే సరే, అరవకు. ఒప్పుకున్న ధరే. యంత్రం దింపు."

బా అన్న చెల్లెలికేసి చూశాడు. "నీ ఉద్యోగం?"

"పోతుంది."

"ధాన్యం సంచులు కుట్టడం మరిచిపోలేదుగా?"

నవ్వబోయింది. అంతలో పక్క చేను సావ్ పిన్ని గట్టెక్కి వచ్చింది. ఆమె ధాన్యం పొద్దున్నే పడవెక్కి పోయింది, తామ్ తగ్గించిన ధరకి.

"మరి నా సంగతేంటే, దియెమ్?"

తామ్ చేను చివరికి నడిచిపోతున్నాడు. దియెమ్ చేతిలో ఫోను మళ్లీ మోగుతోంది.

"పిన్నీ, ఉండు, నాతో రా," అంటూ తామ్ వెనకే నడుస్తూ ఫోను ఎత్తింది. "అవునండీ క్వొయ్ గారూ. ఆ గమనిక పెట్టింది నేనే. తీసెయ్యను."