తలకిందుల బొమ్మ

మల్లేశ్వరరావుకి ఇంగ్లీషు పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు. గోల్ బజార్లో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న లావుపాటి నిఘంటువు ఆయన తలగడ పక్కనే పడుకునేది. మాటకి అర్థం తెలిస్తే చాలదాయనకి, దాని తాతముత్తాతలెవరో కూడా తేలాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా! రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళంతా ఆ వాగుడు భరించేవాళ్ళు. రైల్వే తెల్లదొర ముందు మాట్లాడాల్సి వస్తే వాళ్ళకి ఈ గుమాస్తాగారి నోరే దిక్కు మరి.

దానయ్యకీ అదే దిక్కయింది. యార్డులో బండ్లకి పట్టాలు మార్చే పని అతనిది. ఓ గూడ్సుని తప్పు లైనులోకి వదిలాడు, రెండు పెట్టెలు పట్టాలు దిగాయి. మనుషులకేం కాలేదు గానీ అతని నౌకరీకి ముప్పొచ్చింది. దొర విచారణకి వస్తున్నాడనగానే వచ్చి మల్లేశ్వరరావు గుమ్మంలో కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ దిగినవాణ్ని, బదులు మనిషి రాలేదని పగలు కూడా నిలబెట్టేశారట. కళ్ళు మూతలు పడి ఏ లైను ఏదో తెలియలేదట. దొరకి ఆ ఒక్క ముక్క చెబితే చాలన్నాడు. తప్పకుండా చెబుతానని మల్లేశ్వరరావు మాటిచ్చాడు.

విచారణలో దొర ఏం జరిగిందని అడిగాడు. మల్లేశ్వరరావు గొంతు సవరించుకుని, ఇతను ‘బ్యాఫిల్డ్’ అయ్యాడండీ అన్నాడు. అంటే తికమకపడ్డాడని. ఆ వెంటనే అసలు సంగతి చెప్పేసి ఉంటే బాగుండేది. కానీ దొర ముచ్చటపడి, మంచి మాట వాడావే, అదెలా పుట్టిందో తెలుసా అన్నాడు.

ఇంకేముంది! ఉబ్బితబ్బిబ్బయిపోయాడు మహానుభావుడు. పూర్వం స్కాట్లండులో మాట తప్పిన వీరుడి బొమ్మ గీసి, నలుగురిలో తలకిందులుగా వేలాడదీసి తిట్టిపోసేవారనీ, ఆ అవమానం పేరే ఇదని కొందరంటారనీ, కాదు ఫ్రెంచివాళ్ళ వెక్కిరింత నుంచి వచ్చిందని మరికొందరంటారనీ, తికమక అనే అర్థం తర్వాత వచ్చి చేరిందనీ దంచేశాడు. దొరదీ స్కాట్లండేనట. ఆయనా రెండు ముక్కలు కలిపాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. చేతులు కట్టుకు నిలబడ్డ దానయ్య, తన పని పండుతోందనుకుని, తనూ కాస్త నవ్వాడు.

దొర గడియారం చూసుకున్నాడు. కాగితం మీద సంతకం గీకి, మల్లేశ్వరరావు భుజం తట్టి, తర్వాతి మనిషిని పిలవమన్నాడు. దానయ్యని పనిలోంచి తీసేశారు. మల్లేశ్వరరావుకి అప్పుడు గుర్తొచ్చింది అసలు ముక్క. కానీ ఇప్పుడు నోరు తెరిస్తే ఇంతసేపూ ఏం చేశావంటాడు దొర. ఆ తట్టిన చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది. తర్వాతి మనిషిని పిలిచాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

బయట దానయ్య పెళ్ళాం పైడమ్మ ఎదురుచూస్తోంది. నౌకరీ పోయిందని విని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నౌకరీతో పాటే ఉంటున్న క్వార్టరూ పోతుంది. దానయ్య మాత్రం మల్లేశ్వరరావు వైపు తిరిగాడు.

“డూటీ మీద డూటీ ఏసినారని సాయిబుకి సెప్పినారా బాబూ?”

“చెప్పాను,” అన్నాడు మల్లేశ్వరరావు.

“అయితే సాలు బాబూ. నా మాట ఇని మరీ తీసీసినాడంటే ఆ తప్పు నాదే. అంతసేపు నాకోసరం ఎవులు మాటాడతారు?”

ఎవరైనా తనని నలుగురిలో తిట్టిపోస్తే బాగుండుననిపించింది మల్లేశ్వరరావుకి. ఎవరూ తిట్టలేదు. పైడమ్మ కళ్ళు తుడుచుకుని, వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది.