వడ్రంగిపిట్ట

"అక్కడ నువ్వేం మాట్లాడకు. పడవ కొనడమంటే కూరగాయల బేరం కాదు" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ.

ఆమె అప్పుడు సింకు దగ్గర నలుగురి నీళ్ల సీసాలు కడుగుతోంది. ఆదివారమైనా తెల్లవారుజామునే లేచి నలుగురికీ తిండి డబ్బాలు సర్దింది, కూతురి బట్టలు ఇస్త్రీ చేసింది, అత్తగారి మోకాళ్ల మందు వెతికి సంచిలో పెట్టింది. అతను మాత్రం తన టోపీ తానే వెతుక్కున్నాడు. అది కూడా దొరకలేదని రెండుసార్లు కేకేశాక.

"పైగా అలాంటి చోట మీ నాన్నని ఎరిగినవాళ్లు ఎవరైనా తగలొచ్చు" అన్నాడు గొంతు తగ్గించి, పక్కగదిలో ఉన్న తల్లి వైపు చూస్తూ. "అమ్మ ముందు ఆ గొడవంతా ఎందుకు?"

ఆమె తల ఊపింది. తల ఊపడం ఆమెకు పదకొండేళ్లుగా అలవాటైన పని. మిగతా ఇంటిపనుల్లాగే దీనికీ సెలవంటూ లేదు.

పడవ పిచ్చి అతనికి రెండు నెలల కిందట పట్టుకుంది. ఆఫీసులో పై అధికారి సొంత మోటారు పడవలో భార్యాపిల్లలతో షికారు వెళ్లి, మూరెడు చేపను చేత్తో పట్టుకుని దిగిన ఫోటో అందరికీ పంపాడు. అది చూసినప్పటి నుంచి ఇతనికి కుదురు లేదు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి ఎవరో వాడి అమ్మేది, చిన్నది, నలుగురు పట్టేది కావాలి. ఆదివారాలు తను చేపలు పట్టాలి, ఇంట్లోవాళ్లు షికారు చేయాలి. రోజూ భోజనాల దగ్గర ఇంజిన్ల గురించి ఉపన్యాసాలే. అతను చెప్పేవాటిలో సగం తప్పులని వడ్డిస్తున్న ఆమెకు తెలుసు. "ఇంకాస్త వెయ్యనా?" అని మాత్రం అడిగేది.

తెలియక ఎక్కడికి పోతుంది? ఆమె పుట్టి పెరిగిందే పడవల షెడ్డు వెనక గదిలో. తల్లి చిన్నప్పుడే పోతే, పాత పడవలు బాగుచేసే తండ్రి దగ్గరే పెరిగింది. అక్షరాలు దిద్దేనాటికే ఏ స్పానరు ఏ బోల్టుకో చెప్పేది. రంగు చూడకు, చప్పుడు విను అనేవాడు తండ్రి. చిన్న సుత్తి పిడితో పడవంతా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి చెక్క టకటకమంటుంది, నీళ్లు తాగి కుళ్లిన చెక్క దబ్‌మని ఊరుకుంటుంది. పన్నెండేళ్లకే ఆమె ఆ పనిలో తండ్రిని మించిపోయింది. బడి నుంచి వచ్చి, సంచి అక్కడ పడేసి, షెడ్డులో ఉన్న ప్రతి పడవనీ వేళ్లతో తట్టేది. అందుకే తండ్రి ఆమెను వడ్రంగిపిట్టా అని పిలిచేవాడు. షెడ్డులో పనివాళ్లకు ఆమె అసలు పేరే తెలియదు.

పెళ్లి కుదిరే ముందు భర్త ఒక్కటే అడిగాడు. "మీ నాన్న ఏం చేస్తారని అమ్మ అడిగితే పడవ సామాన్ల వ్యాపారమని చెబుదాం. పెద్ద అబద్ధమేం కాదుగా?" పెద్దది కాదు కదా అని ఆమె ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకున్నా బాగుండేది. పెళ్లిరోజు తండ్రి సబ్బుతో, కిరసనాయిలుతో గంటసేపు రుద్దుకున్నా గోళ్ల సందుల్లో గ్రీజు పోలేదు. ఫోటో తీసేవాడు వరుసలో నిలబెడుతుంటే, "నాన్నా, చేతులు వెనక్కి పెట్టుకో" అన్నది ఎవరో కాదు, ఆమే. ఆయన నవ్వుతూనే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ తర్వాత కూతురి ఇంటికి వచ్చిన నాలుగైదు సార్లూ కాఫీ కప్పు అందుకోవడానికి తప్ప జేబుల్లోంచి చేతులు తీయలేదు. మూడేళ్ల కిందట ఆయన పోయాడు. ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో ఉంది. దుమ్ము తుడిచేది ఆమే. తుడిచిన ప్రతిసారీ ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పడవలమ్మే చోటు ఊరి చివర, రేవు పక్కన. చలువ కళ్లద్దాలు పెట్టుకున్న అమ్మకందారు "రండి సార్" అంటూ ఎదురొచ్చి నేరుగా ఒక తెల్ల పడవ దగ్గరికి తీసుకెళ్లాడు. నీలం చార, కొత్త మెత్తలు, తళతళలాడే రంగు. దాని పక్కనే రంగు వెలిసిన బూడిదరంగు పడవ ఒకటి ఉంది. భర్త దానివంక కన్నెత్తి కూడా చూడలేదు.

"పెళ్లికూతురిలా ఉందిరా" అంది అత్తగారు తెల్ల పడవను చూసి.

అతను ఎక్కి స్టీరింగు పట్టుకుని ఫోటో తీయమన్నాడు. ఆమె తీసింది. ఇంకో పక్క నుంచి తీయమంటే వెనక్కి వెళ్లి, ఇంజిను మీద చేయి ఆనించింది. వెచ్చగా తగిలింది. కొనేవాళ్లు వచ్చేసరికే ఇంజిను వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టవ్వడానికి మొరాయిస్తోందని అర్థం. తండ్రి నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. ఆ తర్వాత జరిగింది ఆమె అనుకుని చేసింది కాదు. వేళ్లు వాటంతట అవే పడవ పక్కలను తట్టాయి. టక్, టక్. తట్టుకుంటూ వెనక్కి వచ్చి ఇంజినును మోసే వెనక పలక మీదికి చేరేసరికి చప్పుడు మారిపోయింది. దబ్. ఇంకోచోట తట్టింది. దబ్. పైన ఫైబరు పూత నిగనిగలాడుతోంది, లోపలి చెక్క నానిపోయింది.

బూడిదరంగు పడవ కింద గీకుతున్న ముసలాయన ఆ చప్పుడుకి తలెత్తాడు. లేచి వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె చూపు మాత్రం ఆయన నడుముకు వేలాడుతున్న సుత్తి మీద పడింది. అది నాన్నది. పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. పన్నెండేళ్లప్పుడు ఆ ట్యూబు చుట్టింది తనే.

"ఆ తట్టడం చూసే అనుకున్నా" అన్నాడాయన, మొహమంతా నవ్వుతో. "వడ్రంగిపిట్టవి కదూ నువ్వు?"

అత్తగారు ఇటు తిరిగింది. కూతురు తిరిగింది. పడవలోంచి భర్త కళ్లురిమాడు.

తండ్రి దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసి, ఆమెను భుజాలమీద మోసి బడికి తీసుకెళ్లిన మనిషి. ఆమె బాబాయ్ అని పిలిచే ఒకే ఒక్క మనిషి.

"లేదండీ" అంది ఆమె. "ఎవర్ని చూసి ఎవరనుకున్నారో."

ముసలాయన ఆమె మొహం చూశాడు, భర్త మొహం చూశాడు. "పొరపాటు పడ్డానమ్మా. కళ్లు సరిగా ఆనడం లేదు" అని మళ్లీ పడవ కిందికి వంగాడు. ఆమె ఆడిన అబద్ధాన్ని ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. ఒక్క మాట తిట్టినా ఆమెకు అంత సిగ్గనిపించేది కాదు.

భర్త తెల్ల పడవకే బయానా ఇచ్చాడు. వచ్చే శనివారం నీళ్లలో దింపి చూసి, బాగుంటే అటునుంచే షికారు.

సోమవారం రాత్రి అత్తగారు తినేసి పడుకున్నాక, భోజనాల దగ్గర ఆమె నెమ్మదిగా కదిలించింది. "ఆ వెనక పలకని ఒకసారి తెలిసినవాళ్లకి చూపిస్తే..."

"పలకా?" అతను పకపక నవ్వాడు. "పుట్టింటి జ్ఞానం బయటికొస్తోందే. మీ నాన్న స్పానరు తిప్పితే నీకూ వచ్చేస్తుందా? నీ డిపార్ట్‌మెంట్ వంట. శనివారానికి ఏం వండాలో ఆలోచించు."

ఆమె ఆలోచించింది. రోజూ ఆలోచించింది. తనకెలా తెలుసో చెప్పకుండా ఆ సంగతి ఎలా చెప్పాలా అని. అమ్మకందారుకి ఫోన్ చేసి గొంతు మార్చి మాట్లాడితే? పిల్లకు జ్వరమని చెబితే? ఈ వారం తప్పించుకుంటే వచ్చే వారం? అత్తగారు ఆ మధ్య వంటింట్లోకి వచ్చిన ప్లంబరు కూర్చున్న కుర్చీని రెండుసార్లు తుడిపించింది. తుడిచింది ఆమే. అది గుర్తొచ్చినప్పుడల్లా నోటిదాకా వచ్చిన మాట గొంతులోకి జారిపోయేది.

శుక్రవారం పొద్దున జడ వేయించుకుంటూ కూతురు అడిగింది. "అమ్మా, వడ్రంగిపిట్ట ఎవరు?"

"ఒక పక్షి."

"అది తెలుసులే. ఆ తాత నిన్నెందుకలా పిలిచాడు?"

"ఎవరో అనుకున్నాడమ్మా."

దువ్వెన చిక్కులో ఆగిపోయింది. ఎనిమిదేళ్ల తల. రేపు ఈ పిల్ల ఆ పడవ వెనకసీట్లోనే కూర్చుంటుంది. నది మధ్యకు వెళ్లాక అతను ఫోటో కోసం ఇంజినును పూర్తి వేగంతో తిప్పుతాడు. నానిన పలక ఆ బరువుకి చీలుతుంది. ఇంజిను నీళ్లలోకి ఒరుగుతుంది, వెనకనుంచి నీళ్లు లోపలికొస్తాయి. ఇదంతా జరగొచ్చని ఆమెకు ఆదివారమే తెలుసు. తెలిసి కూడా అయిదు రోజులు అన్నం వండింది, పక్కలు వేసింది, పరువు కాపాడింది. నాన్న చేతులు దాచిపెట్టించింది చాలక, ఆ దాపరికం బయటపడకుండా కన్నబిడ్డను కుళ్లిన చెక్కమీద కూర్చోబెట్టబోయింది. తనమీద తనకే అసహ్యం వేసింది. భర్తను, అత్తగారిని అనడానికి ఎన్నో ఉన్నాయి. కానీ ఆ అయిదు రోజులూ తనవే.

శనివారం రేవులో ఎండ బాగా కాస్తోంది. ట్రాలీ మీద తెల్ల పడవ నీళ్లలోకి దిగడానికి సిద్ధంగా ఉంది. కూతురికి నారింజరంగు లైఫ్ జాకెట్ వేసి, భర్త పైకెక్కించబోయాడు. ముసలాయన కాస్త దూరంగా తాళ్లు సర్దుతున్నాడు. ఇటు చూడడం లేదు.

ఆమె తిండి డబ్బాల సంచి కింద పెట్టింది.

"బాబాయ్" అని పిలిచింది. "నాన్న సుత్తి ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆయన నడుము నుంచి సుత్తి విప్పాడు. తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పక్కలను తట్టింది, వెనక పలకను తట్టింది. చెవిటివాడికైనా తేడా తెలిసేలా తట్టింది. తర్వాత ఆయన దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని పలక కిందివైపు స్క్రూ విప్పబోయింది.

"అమ్మా, కొనకముందే విప్పడమేంటి? సార్, మీరైనా చెప్పండి" అన్నాడు అమ్మకందారు.

"ఏం చేస్తున్నావ్ నువ్వు? ఇవతలికి రా!" అన్నాడు భర్త.

"నా కూతురు ఎక్కే పడవ. విప్పి చూశాకే ఎక్కుతుంది."

స్క్రూ ఊడింది. వెంట గోధుమరంగు నీళ్లు ధారగా కారాయి. ఆ నీళ్లతో పాటు వాడేసిన టీపొడిలా చెక్కపొట్టు. ఆమె ఇంజిను మీద రెండు చేతులూ వేసి గట్టిగా కిందికి నొక్కింది. పలక మొత్తం దానితోపాటు వంగింది. అమ్మకందారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నాన్న సుత్తి ఏమిటి?" అంది అత్తగారు. "మీ నాన్నది వ్యాపారం కదా?"

భర్త తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"కాదత్తయ్యా. మా నాన్న పాత పడవలు బాగుచేసేవాడు. పెళ్లయ్యేదాకా నేనూ చేశాను."

అత్తగారి మొహంలోకి అయితే చూడగలిగింది గానీ, ముసలాయన మొహంలోకి చూడలేకపోయింది. నేలచూపులు చూస్తూనే, "ఆవేళ మిమ్మల్ని ఎరగనన్నాను బాబాయ్" అంది.

"నోటితో అన్నావులే. నీ చేయి అనలేదుగా" అన్నాడాయన.

భర్త దగ్గరికొచ్చాడు. పళ్లు బిగించి, పెదవులు కదపకుండా అన్నాడు. "మిగతాది ఇంటికెళ్లాక మాట్లాడతాను. ముందు ఆ చేతులు కడుక్కో. అందరూ చూస్తున్నారు."

ఆమె చేతులు చూసుకుంది. నల్లటి గ్రీజు గోళ్ల సందుల్లోకి వెళ్లిపోయింది. గోధుమరంగు నీళ్లు మణికట్టు దాకా కారాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు, వెనక్కీ పెట్టుకోలేదు. అలాగే కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ చిన్న చేతిలో సుత్తి పెట్టింది.

"నిన్న అడిగావే, వడ్రంగిపిట్ట ఎవరని" అంది. "నేనే. పద, ఆ బూడిదరంగు పడవని తట్టి చూద్దాం."