చూడదగినదేనా

ఆదివారం సాయంత్రం నాలుగింటికి బాబ్జీ ఫోన్ చేస్తాడు. చేసేది బందరు హార్బరులో ఐసు ఫ్యాక్టరీ వెనకనుంచి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. “గుజరాత్ నుంచి నాన్ననే తల్లీ” అంటాడు. దివిసీమ కొసన, సముద్రప్పేటలో, పదేళ్ళ మల్లి ఆ ఫోన్ని రెండు చేతులా పట్టుకుంటుంది. పక్కన కూచున్న తల్లి దుర్గకి ఆ కాసేపూ ఊపిరాడదు.

బాబ్జీ ఆ పిల్లకి బాబాయి. నాన్న పది నెలల కిందట బందరు బోటు మీదనుంచి నీళ్ళలో పడిపోయాడు. ఒళ్ళు దొరకలేదు. ఒళ్ళు ఒడ్డుకి రానిదే కర్మ ఎలా చేస్తారని దుర్గ పట్టుపట్టింది. అత్త పున్నమ్మ ఒప్పుకోలేదు. చివరికి కులపెద్ద గణపతి మధ్యేమార్గం చెప్పాడు: “పసిదానికి తెలిసేదాకా ఆగుదాం. ‘నాన్న లేడు’ అని దాని నోటివెంట ఎప్పుడొస్తే అప్పుడు చేద్దాం.” పేటలో పెద్దవాళ్ళందరూ వల ముట్టుకుని ఒట్టేశారు, పిల్లల చెవిన పడనివ్వమని. మల్లికి మాత్రం నాన్న గుజరాత్ బోట్ల పనికెళ్ళాడని చెప్పారు.

ఆ రోజు నుంచి దుర్గ బొట్టూ గాజులూ కూతురి నమ్మకం మీదే నిలిచాయి. అంతేనా? తువ్వాలు చాటునుంచి వచ్చే ఆ గొంతుని పక్కనుంచి వింటుంటే, ఒక్కోసారి దుర్గకే ఆయన మాట్లాడుతున్నట్టుండేది. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

అలాంటి రోజుల్లో బళ్ళో సినిమా వేస్తామన్నారు.

చల్లపల్లి నుంచి బస్సులో వచ్చే బాలసరస్వతి మేడం దానికి పెద్ద దిక్కు. జపాను వాళ్ళ బొమ్మల సినిమా, తెలుగు మాటలు పెట్టిందే. పిల్లలకి చూపించే ముందు టీచరెవరైనా చూసి, ‘చూడదగినదే’ అని సంతకం చెయ్యాలట. ఆవిడ రెండుసార్లు చూసింది. ముద్దు ఎక్కడుందో, స్నానం ఎక్కడుందో, తాగుబోతు ఎక్కడొస్తాడో నిమిషాలతో సహా రాసుకుంది, అక్కడ ముందుకి జరిపెయ్యడానికి.

ఇంటింటికీ చెప్పడానికి పేటకొస్తే దుర్గ ఎదురెళ్ళింది.

“కథేంటండీ మేడంగారూ?”

“ఎప్పుడో వందేళ్ళ తర్వాత జరుగుతుందమ్మా. పట్నం మొత్తం నీళ్ళ కింద ఉంటుంది. ఒక పిల్ల మేడ మీద ఒంటరిగా ఉంటుంది. దానికో మరమనిషి తోడు. చాలా బాగుంటుంది. సైన్సు కూడాను.”

దుర్గ పైటకొంగు వేలికి చుట్టుకుంది. అసలు సంగతి చెప్పేద్దామనుకుంది. కానీ వల ముట్టుకుని వేసిన ఒట్టు, పైగా ఆవిడ బయటి మనిషి.

“అందులో ఎవరూ చచ్చిపోరు కదండీ?”

మేడం నవ్వింది. “టీవీలో రోజూ చూసే చావుల ముందు ఇదెంత? ఒక్కళ్ళు కూడా చావరు. నేను చూశాను కదా, భయపడకు.”

శనివారం సినిమా చూసొచ్చిన మల్లి అన్నం సగంలో లేచిపోయింది. పక్కింటి ముత్యాలమ్మ కూతురే కథంతా చెప్పింది. సినిమాలో పిల్లకి నాన్న లేడట. కథ మొదలయ్యేటప్పటికే పోయాడట. మరమనిషే రోజూ సాయంత్రం నాన్న గొంతుతో మాట్లాడుతుందట. ఒకరోజు పిల్ల ఒక ప్రశ్న అడుగుతుందట, నాన్నయితేనే చెప్పగలిగేది. మరమనిషి తప్పు చెబుతుందట.

దుర్గ పరుగున ఇంటికొచ్చి బాబ్జీకి ఫోన్ కలిపింది. స్విచాఫ్. బోటు మీద ఉన్నాడు, ఆదివారం మధ్యాహ్నానికి గానీ ఒడ్డెక్కడు. మర్నాడు మళ్ళీ చేస్తూనే ఉంది. నాలుగింటికి ఫోన్ దానంతట అదే మోగింది. అందుకోబోయేలోపే మల్లి తీసేసుకుంది.

“నాన్నా, నాకు థర్మోకోల్ పడవ చేసిచ్చావు కదా, దాని అడుగున ఏం రాశావు?”

తువ్వాలు చాటునుంచి జవాబు కంగారుగా వచ్చింది.

“నీ పేరే కదే తల్లీ రాశాను! నాగమల్లేశ్వరీ అని, పెద్ద పెద్ద అక్షరాల్తో.”

మల్లి ఏడవలేదు. పెద్దదానిలా నిట్టూర్చింది.

“మా నాన్నకి రాయటం రాదు, బాబాయ్.”

ఫోన్ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. “ఇంక చెయ్యొద్దని చెప్పమ్మా. గొంతు మార్చి మార్చి బాబాయికి దగ్గొస్తోంది. నాన్న లేడు కదా?”

గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న పున్నమ్మ చేతిలో దారం ఆగిపోయింది. “అన్నది” అంది. “విన్నావుగా, అది అనేసింది.”

“అత్తా, పసిపిల్ల మాట...”

“నా కొడుకు పది నెలల్నుంచీ పిండం లేక తిరుగుతున్నాడే! నీకు బొట్టు కావాలి, వాడికి కూడు అక్కర్లేదా?” పున్నమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. “గణపతి మావకి చెప్పొస్తాను.”

దుర్గ తల వంచుకుంది. అత్త మాటలో తప్పెక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

బుధవారం రేవులో కర్మ అయిపోయింది. గాజులు పగలగొట్టింది వరసకి ఆడబిడ్డ. పగలగొడుతూ తనూ ఏడ్చింది. మల్లి దూరంగా ఇసకలో నిలబడి, ఇదంతా తన నోటిమాట వల్లనే అని తెలిసినదానిలా చూసింది.

శుక్రవారం బాలసరస్వతి మేడం కాగితాలు పట్టుకుని మళ్ళీ వచ్చింది. తల్లిదండ్రుల అభిప్రాయం కావాలట. ‘సినిమా పిల్లలు చూడదగినదేనా?’ అన్నచోట మల్లి బళ్ళోనే గుండ్రటి అక్షరాలతో ‘అవును’ అని ముందే రాసి ఉంచింది. సంతకం ఒక్కటే బాకీ. దుర్గకి వచ్చిన రాత అదొక్కటే. మోకాలి మీద కాగితం పెట్టుకుని నెమ్మదిగా చేసింది.

అప్పటిదాకా ఫైల్లోనే తలపెట్టి ఉన్న మేడం, కాగితం అందుకుంటూ తలెత్తి దుర్గ నుదురు చూసింది.

“అయ్యో! ఏంటిది దుర్గా? ఎప్పుడు?”

“పది నెలలైందండి.”

మేడంకి అర్థం కాలేదు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా అర్థమవుతుంటే మొహం పాలిపోయింది.

“నాకెవరూ చెప్పలేదు... ఒక్కమాట చెప్పుంటే...”

“మీరేం అబద్ధం చెప్పలేదు లెండి మేడంగారూ. సినిమాలో ఎవరూ చచ్చిపోలేదంట. మా మల్లి కూడా చెప్పింది.”

మేడం చేతిలోని కాగితం వంక చూసింది. దాన్ని చించలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. సోమవారానికల్లా పైకి పంపాలి. మిగతా వాటితో కలిపి ఫైల్లో పెట్టుకుని, పక్కింటి ముత్యాలమ్మ గుమ్మం దాకా వెళ్ళి, “ఎవరున్నారండీ లోపల?” అని పిలిచింది.