సాక్షి సీసా

ఫోన్ మోగితే ప్రమాదం, మోగకపోతే ఇంకా పెద్ద ప్రమాదం. నా గురించి మా ఆయన చెప్పే మాట ఇది. ఎవరింటికి వెళ్లినా ఈ మాట చెప్పి నవ్విస్తారు. ఆయన దర్జీ. గుడ్డనే కాదు, మనుషుల్ని కూడా సూదితో పొడవడం అలవాటు. నేను పట్టించుకోను. అందరూ నవ్వుతూ కూర్చుంటే గ్యాస్ కట్టామో లేదో చూసేవాళ్లు ఇంటికొకరు ఉండాలి కదా.

అలాంటి నా కడుపున పుట్టి మా చిట్టి ఏరికోరి చేరిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, విషాన్ని వెతకడం.

నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో దాని పని. మామూలు విషం కాదట, ఎప్పటికీ పోని విషమట. ఎండకి ఎండదు, వానకి కరగదు, మట్టిలో మగ్గదు. నీళ్లలోంచి చేపలోకి, చేపలోంచి మనిషి రక్తంలోకి చేరి, ఇల్లరికపు అల్లుడిలా కాళ్లు చాపుకుని కూర్చుంటుందట.

"ఇంతకీ అది ఎందులో ఉంటుందే?" అన్నాను.

"పెనానికి ఏదీ అంటుకోకుండా పూత వేస్తారు చూడు, అందులో ఉండొచ్చు. ఇంకా..." అని అది చెప్పుకుంటూ పోయింది. నేను పెనం దగ్గరే ఆగిపోయాను. అది చెప్పడం అయ్యేలోపే లేచి వెళ్లి, అటక మీది పాత ఇనప పెనం దింపి తోముతున్నాను. మిగతాది విని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మా ఊరి చివర నది ఉంది. నదికి అవతల వేరే దేశం. మాట మాత్రం ఒకటే, వాళ్లు కాస్త సాగదీసి మాట్లాడతారు. నదిలో ఈ విషం ఉందని రెండు దేశాల వాళ్లకీ తెలుసు. మీ వైపు నుంచే వస్తోందని మేము, కాదు మీ వైపు నుంచే అని వాళ్లు. వాళ్ల ల్యాబ్ లెక్క ఒకటి, మా ల్యాబ్ లెక్క ఇంకొకటి. తన పెరుగు పుల్లనని ఎవరంటారు? చివరికి ఎవరికి బుద్ధి పుట్టిందో గానీ, ఇద్దరూ ఒకే రోజు ఒకే సమయానికి రెండు ఒడ్ల దగ్గరా నీళ్లు పట్టాలని, పట్టినదాంట్లో సగం అవతలి వాళ్లకి ఇవ్వాలని ఒప్పందం చేసుకున్నారు. నది లెక్క తేలాక రెండు ఊళ్లలో మనుషుల రక్తం కూడా చూస్తారట. మా వైపు నది దగ్గరికి వెళ్లే పని మా చిట్టికి ఇచ్చారు. దాని మొహం చూడాలి ఆ రోజు! పెళ్లి కుదిరినా అంత వెలగదు.

"నదిలో జారిపోతే?" అన్నాను.

"అవతలి ఒడ్డున తేలుతుంది. వాళ్లు సగం ఉంచుకుని సగం పంపిస్తారులే, ఒప్పందం ఉందిగా" అన్నారు మా ఆయన, మిషన్ మీంచి తల ఎత్తకుండా.

నీళ్లు పట్టడానికి వెళ్లేవాళ్లకి బోలెడు నియమాలు. కొత్త బట్టలు వద్దు, ఒంటికి క్రీములు వద్దు, ప్యాకెట్లలో చుట్టిన తిండి వద్దు, రెయిన్‌కోటు వద్దు. బాగా ఉతికి ఉతికి పాతబడిన నూలు బట్టే వేసుకోవాలి. మా ఆయన ఎప్పుడో కుట్టిన బూడిదరంగు నూలు కోటు దానికి పనికొచ్చింది. ఇవన్నీ కాక ఒక సీసా ఉంది. ల్యాబ్ నుంచి శుభ్రమైన నీళ్లు తీసుకెళ్లి, నది ఒడ్డున మూత తీసి, ఆ నీళ్లని ఇంకో సీసాలోకి వంచి బిగించేస్తారు. దాంట్లో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే అది నది తప్పు కాదు, పట్టిన చేతి తప్పు.

"అంటే సాక్షి అన్నమాట" అన్నాను.

"అబ్బ, భలే పేరమ్మా!" అంది చిట్టి. అప్పటినుంచి ల్యాబ్‌లో అందరూ దాన్ని సాక్షి సీసా అంటున్నారట. నేను కాస్త పొంగాను కూడా.

కానీ నా గుండెల్లో రాయి వేరే. మబ్బులు పట్టి ఉన్నాయి. రెయిన్‌కోటు లేకుండా, ఆ నూలు గుడ్డతో, నది గాలిలో! మొదట తడవడం, తర్వాత జలుబు, ఆ తర్వాత ఊపిరితిత్తులు, ఆ తర్వాత నేను అనుకోవడం కూడా ఆపేశాను. గొడుగుల కొట్టుకి వెళ్లాను.

"గుడ్డ తడవకుండా ఏదన్నా ఉందా బాబూ? రెయిన్‌కోటు మాత్రం కాకూడదు."

కొట్టతను ఒక స్ప్రే డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది కొట్టి ఆరబెట్టండమ్మా. తామరాకు మీద నీటిబొట్టే ఇక. కోటు మీద వాన పడిందన్న సంగతి కోటుకే తెలీదు."

రెయిన్‌కోటు వద్దంది గానీ మందు కొట్టొద్దని అనలేదు కదా. మధ్యాహ్నం చిట్టి ఆఫీసులో ఉండగా కోటుని డాబా మీద తీగకి వేసి, భుజాలూ చేతులూ వీపూ, లోపలి మడతలతో సహా కొట్టేశాను. చెబితే "అబ్బా అమ్మా!" అంటుందని చెప్పలేదు.

నీళ్లు పట్టే రోజు వాన పడనే పడింది. చిట్టి సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చింది. అవతలి ఒడ్డున తన పనే చేసే ఒక పొడుగమ్మాయి ఉందట, ఇద్దరూ మొదటిరోజే స్నేహితులైపోయారట.

"తను తడిసి ముద్దయిపోయిందమ్మా, పాపం. నేను పెద్దగా తడవలేదు."

నేను మా ఆయన వైపు చూసి కళ్లెగరేశాను. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు.

కొన్ని వారాలకి రిపోర్టు వచ్చింది. చిట్టి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"సాక్షి సీసా చెడిందమ్మా."

"చెడటమంటే?"

"దాంట్లో విషం ఉంది. మనదాంట్లోనే. అవతలి వాళ్లది శుభ్రంగా ఉంది. నేను పట్టిన సీసాలన్నీ లెక్కలోకి రావట. నదిలోదేదో, నా చేతిదేదో ఎవరు చెబుతారు? వచ్చే వారం వంతెన అవతల మీటింగు. ఎక్కడ తప్పు జరిగిందో అప్పటికి తేల్చకపోతే నన్ను నది పనిలోంచి తీసేస్తామన్నారు పెద్దసారు. అవతలి వాళ్లు ఒప్పందమే వద్దనేలా ఉన్నారు."

ఆ వారం మా ఇంట్లో టీ కూడా చేదుగానే ఉంది. చిట్టి సీసాలు చూసింది, మూతలు చూసింది, చేతి తొడుగులు చూసింది, ఇంట్లో సబ్బు కూడా పట్టుకెళ్లి పరీక్ష చేసింది. ఎందులోనూ ఏమీ లేదు. నేను మాత్రం వంతెన అవతల దాన్ని పట్టి ఉంచేస్తారేమోనని, నీళ్లు పాడుచేసినందుకు ఏ శిక్ష వేస్తారోనని లోపల్లోపల కుమిలిపోతున్నాను.

"ఉరి తీస్తారేమోనని కూడా అనేసుకో. ఒక పనైపోతుంది" అన్నారు మా ఆయన. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన కుడుతున్న చొక్కాకి కాలరు తిరగేసి కుట్టారు. మాకిద్దరికీ ఒక్కతే కూతురు.

మీటింగు రేపనగా చిట్టి సాయంత్రం సన్నటి జల్లులో ఇంటికొచ్చింది. కోటు విప్పి తలుపు వెనక కొక్కేనికి వేసి లోపలికి రెండడుగులు వేసింది, ఆగింది. వెనక్కి వెళ్లి కోటు భుజం వైపు వంగి చూసింది. భుజం మీద వాన చుక్కలు ముత్యాల్లా, ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి.

అది బల్ల మీది గ్లాసు తీసి నీళ్లన్నీ కోటు మీద పోసింది. నీళ్లు ఒక్క చుక్క ఇంకకుండా జర్రున జారి నేల మీద పడ్డాయి.

"నాన్నా, ఇది నూలుదే కదా?"

"నూలు కాక? నా చేత్తో కత్తిరించాను."

"నూలు నీళ్లు తాగదా?"

మా ఆయన కోటు చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది చూశారు. తర్వాత ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. ఇంట్లో ఏది వింతగా ఉన్నా నా వైపే చూస్తారు, అది అలవాటు.

"మందు కొట్టాను" అన్నాను. "తడుస్తావని."

చిట్టి నేల మీద చతికిలపడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "అమ్మా, గుడ్డ తడవకుండా చేసే మందుల్లో చాలావాటిలో ఆ విషమే ఉంటుంది. ఆ రోజు పెనం తర్వాత రెండో మాట అదే చెప్పాను" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "నేను సీసాలన్నీ వెతికాను. నా ఒంటి మీదే వేసుకుని తిరుగుతున్నానా దాన్ని!"

"డబ్బా ఉందా?" అన్నారు మా ఆయన. ఉంది. నేనేదీ పారేయను.

మర్నాడు నా జీవితంలో మొదటిసారి వంతెన దాటాను. ఒక చేత్తో చిట్టి చెయ్యి, ఇంకో చేత్తో కోటూ డబ్బా ఉన్న సంచీ. చెక్‌పోస్టులో ఉన్న అబ్బాయి సంచీ విప్పి, డబ్బా పైకి తీసి "ఇదేంటమ్మా?" అంటే, "నా బుద్ధి నాయనా" అన్నాను. పంపించేశాడు.

మీటింగు గదిలో పొడవాటి బల్ల. ఇటు మా పెద్దసారు, అటు వాళ్ల పెద్ద మేడమ్. ఆవిడ కళ్లజోడు అంచు మీంచి చూస్తే ఇంట్లో తోమకుండా వచ్చిన గిన్నెలు కూడా గుర్తొస్తాయి. పక్కన పొడుగమ్మాయి. నేను నిలబడే అంతా చెప్పాను. గొడుగుల కొట్టు, డాబా, తీగ, మడతలతో సహా.

పెద్ద మేడమ్ పెన్ను కింద పెట్టారు. "ఏమనుకోకండి. పిల్ల ఉద్యోగం పోతుందంటే ఏ తల్లయినా ఏదైనా చెబుతుంది."

"నిజమే మేడమ్" అన్నాను. "కానీ అబద్ధమే చెప్పాలనుకుంటే ఇంత తెలివితక్కువ అబద్ధం చెబుతానా?"

పొడుగమ్మాయి ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. పెద్ద మేడమ్ నవ్వలేదు గానీ కోటు కావాలని చెయ్యి చాపారు. అందరూ చూస్తుండగా కత్తెరతో కోటు రెండు చేతులూ కోసేశారు. ఒక చెయ్యి వాళ్ల ల్యాబ్‌కి, ఒక చెయ్యి మా ల్యాబ్‌కి. ఎవరి లెక్క వాళ్లు రెండోవాళ్లకి చెప్పకుండా కవర్లో పెట్టి, ఒకే రోజు ఇద్దరూ తెరవాలి. సాక్షి సీసాలో దొరికిందీ కోటులో దొరికిందీ ఒకటేనని తేలితేనే చిట్టి మళ్లీ నది దగ్గరికి. లేకపోతే లేదు. అంతవరకూ ల్యాబ్‌లో సీసాలు కడుగుతుంది.

కోటు చేతులు పోయాయని మా ఆయనకి చెబితే, "నేను కుట్టినప్పుడు చంకల దగ్గర రెండేసి కుట్లు వేశాను, కత్తెర ఆడిందా?" అని అడిగారు. అదీ ఆయన బెంగ. కానీ ఆ రాత్రే పాత దుప్పటి ఒకటి తీసి కొలతలు గీయడం మొదలుపెట్టారు. ఎర్రపూల దుప్పటి. చిట్టి చిన్నప్పటినుంచి ఉతుకుతున్నది.

"ఇంకా తేలనే లేదు కదండీ" అన్నాను.

"తేలుతుంది. నువ్వు కొట్టావంటే ఒక మడత కూడా వదిలి ఉండవు" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా పనితనాన్ని మెచ్చుకున్నది అప్పుడే.

కవర్లు తెరిచిన రోజు ఫోన్ మోగింది. నేను తీయలేదు. మోగి ఆగింది, మళ్లీ మోగింది. మా ఆయనే తీసి, విని, నా చెవికి ఆనించారు.

"అమ్మా! కలిసింది! సీసాలోదీ కోటుదీ ఒకటే! ఇంకో సంగతి విను. వాళ్ల లెక్కా మన లెక్కా దాదాపు ఒకటే వచ్చిందే! ఇన్నేళ్లలో రెండు ల్యాబులకీ లెక్క కుదరడం ఇదే మొదటిసారి. నది నీళ్ల దగ్గర కుదరంది నీ కోటు దగ్గర కుదిరింది. పెద్ద మేడమ్ నవ్వారమ్మా, నేను చూశాను!"

వెనక ఎవరో సాగదీసి ఏదో అంటున్నారు. పొడుగమ్మాయట. "మా అమ్మ నేను నిద్రపోతుంటే చేతులకి క్రీము రాస్తుంది. ఇప్పుడే ఫోన్ చేసి మాన్పించాను" అంటోంది.

ఆ తర్వాత రెండు వైపుల నియమాల్లోనూ ఒకటి చేరింది. బయల్దేరేముందు ఇంట్లోవాళ్ల చేత కోటు భుజం మీద నీళ్లు పోయించుకోవాలి. ఇంకితేనే నది దగ్గరికి. పెద్ద మేడమే రాయించారట. ఇంట్లోవాళ్లు ఎందుకంటే, చేసేదేదైనా వాళ్లే చేస్తారు కాబట్టి అన్నారట.

రెండోసారి నీళ్లు పట్టే రోజు తెల్లారింది. బయట మబ్బు కుమ్మరించడానికి సిద్ధంగా ఉంది. గాలి కూడా ఉంది. చిట్టి ఎర్రపూల కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది, దుప్పటికి కాళ్లొచ్చినట్టు.

"పొడుగమ్మాయి తనకీ ఒకటి కావాలంది నాన్నా."

"పసుపుపూలది ఉంది, కొలతలు తెమ్మను" అన్నారాయన.

అది నా ముందుకొచ్చి భుజం వంచింది. "కానివ్వమ్మా."

గ్లాసు నా చేతిలో ఉంది. ఇది పుట్టినప్పటినుంచి ఒక్క చుక్క మీద పడకుండా చీర కొంగు పట్టాను, గొడుగు పట్టాను, ఆఖరికి మందు కూడా కొట్టాను. ఇప్పుడు వానలోకి వెళ్లే పిల్ల మీద నా చేత్తో నీళ్లు పోయాలి.

"కాస్త గోరువెచ్చగా కాచి తేనా?"

"అమ్మా!"

పోశాను. గుడ్డ నల్లబడి, నీళ్లని తాగేసి, దాని భుజానికి అతుక్కుపోయింది. అది చలికి ఒక్కసారి వణికింది. నేను పళ్లు బిగించుకున్నాను.

"ఇంకింది" అన్నాను. "వెళ్లిరా."