ఖాళీ అయిన తొర్ర

కంటి దగ్గరి దుర్భిణీ దించకుండానే పిట్టలాయన ఎడమచేత్తో కింద దిండు సర్దుకున్నాడు. కుర్చీ చెక్కది, నడుము పాతది. పెద్దకూతురు పాత దుప్పటి చించి కుట్టిచ్చిన ఆ దిండు లేకపోతే మంచె మీద పూట గడవదు. అడవిలో వడ్రంగిపిట్టల కాపురాలు కనిపెట్టి అటవీశాఖకు చెప్పడం ఆయన ఉద్యోగం. ఏది ఎవరి పెళ్ళాం, ఏది ఎవరి బిడ్డ, ఎవరికి ఎవరితో తగువు. జనం ఊరికే చేసే పనికి ఈయనకు జీతమిస్తున్నారని జీపు డ్రైవరు వేళాకోళమాడేవాడు.

నిన్న సాయంత్రం ఎండుచెట్టు మీది మగపిట్టను డేగ తన్నుకుపోయింది. తెల్లారేసరికి తొర్ర చుట్టూ పరాయి మగపిట్టలు మూగి, గొంతులు చించుకుంటూ పొడుచుకుంటున్నాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం. పోయినేడు పుట్టిన కొడుకుపిట్ట పక్క కొమ్మను కరుచుకుని ఉంది. ఈ ఏటి పిల్లలకు పురుగులు మోసింది అదే. దాన్నెవరూ లెక్కచేయడం లేదు.

మధ్యాహ్నం ఆ పెద్దకూతురే క్యారియర్ తెచ్చింది. ఆయనకు ఆయాసం వచ్చిన రోజుల్లో మంచెక్కి పిట్టల్ని చూసేది ఆమే. ఇంట్లో ఇంకో సంపాదన లేదు. తన తర్వాత ఈ కుర్చీ ఆమెకు ఇప్పించమని ఆయన రేంజరుగారిని అడగని ఆకురాలు కాలం లేదు.

"తొర్ర ఆ కొడుక్కి దక్కదా నాన్నా?"

"తల్లి ఉన్నంతకాలం దక్కదమ్మా. బయటివాడొస్తాడు. వాటి పద్ధతంతే."

"ఇంత చాకిరీ చేసినా?"

ఆయన నీళ్ళు తాగాడు. "మనం పిట్టలం కాదులే. రేంజరుగారు చూద్దామన్నారు."

"ఆయన చూద్దామనడం నా చిన్నప్పట్నుంచీ వింటున్నా."

ఆమె గిన్నెలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఎద బరువెక్కితే తిన్నది అరగలేదనుకున్నాడు. గెలిచిన పరాయిపిట్ట తొర్రలో దూరింది. అది ఆయన చూశాడో లేదో ఎవరికీ తెలియదు.

సాయంత్రం డ్రైవరు కిందనుంచి కేకేశాడు. "ఏం పెద్దాయనా, నువ్వూ గూట్లో పడుకున్నావా?" పలకకపోతే ఎక్కి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. కానీ మొదటి ఫోను ఆయన ఇంటికి చేయలేదు.

"ఒరే బావమరిదీ, పొద్దున్నే గడ్డం గీసుకుని రేంజరుగారి దగ్గరికి రారా."

అంత్యక్రియలైన మర్నాడు కూతురు మంచె దగ్గరికి వచ్చింది. డ్రైవరు బావమరిది కుర్చీలో ఉన్నాడు, మెడలో నాన్న దుర్భిణీ.

"పాపం, మంచి మనిషి," అన్నాడు కిందికి వంగి. "రేంజరుగారు నన్ను కూర్చోమన్నారు. ఇంతకీ ఆ పిట్ట ఎలా ఉంటుందక్కా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "వెతుక్కో," అని వెనుదిరిగింది.

దిండు వాడికి అక్కర్లేకపోయింది. నాన్న కూర్చున్న గుంట ఇంకా పూడని ఆ దిండు, మంచె కింద ఎండుటాకుల్లో పడి ఉంది.